విడిది ఇచ్చి పంక్తికి రాని దేశం

మా ఎదురు ఫ్లాట్‌లో ఉండే పెద్దావిడకు ఎనభై దాటాయి. పైకి మదాం అని పిలిచినా, మనసులో మాత్రం అవ్వ అనే అనుకుంటాను. 2024 చివర్లో ఒక సంత రోజు జెనీవాలోని ప్లేన్‌పలే మైదానంలో కూరగాయలు కొనుక్కుని వస్తుంటే ఆమె కనిపించింది. మఫ్లరు చుట్టుకుని, చేతిలో ప్యాడ్ పట్టుకుని, దారినపోయేవాళ్లను ఒక్కొక్కరినీ ఆపుతోంది. అణ్వాయుధాలను నిషేధిస్తూ 2017లో ఐక్యరాజ్యసమితిలో కుదిరిన ఒప్పందంలో స్విట్జర్లాండ్ కూడా చేరాలని సంతకాలు సేకరిస్తున్నారట. ఇక్కడ రాజ్యాంగంలో ఏదైనా మార్చాలని జనానికి అనిపిస్తే 18 నెలల్లో లక్షమంది ఓటర్ల సంతకాలు తేవాలి. తెచ్చారంటే ఆ విషయం మీద ప్రభుత్వం దేశమంతటా ఓటింగు పెట్టాల్సిందే.

ఆ కాగితాన్ని చేతికి తీసుకుని చూశాను. పైన కాంటన్ (ఇక్కడి రాష్ట్రం) పేరు, ఊరి పేరు. ఒక కాగితం మీద ఒకే ఊరి ఓటర్లు ఉండాలి. కింద గళ్లు: పేరు ఎవరిది వాళ్లే చేత్తో రాయాలి, పుట్టిన తేదీ, ఇంటి చిరునామా, పక్కన సంతకం. ఆ తర్వాత ఊరి కార్యాలయంవాళ్లు ఓటర్ల జాబితాతో సరిచూసి ధ్రువీకరిస్తారు. వేరే ఊరివాళ్లు వస్తే వాళ్లకు వేరే కాగితం తీయాలి. అందుకే ఆవిడ ముందుగా ప్రతి మనిషినీ ఏ ఊరు అని అడుగుతోంది. నాకు ఇక్కడి పౌరసత్వం లేదు కాబట్టి నా సంతకం చెల్లదు. కాసేపు పక్కన నిలబడి కాగితాలు గాలికి ఎగరకుండా పట్టుకున్నాను. అప్పుడు మాటల్లో అంది: “ఐక్యరాజ్యసమితిలో చేరదామన్నప్పుడు కూడా ఇక్కడే నిలబడ్డాను. అప్పటికే నేను అమ్మమ్మను.”

ఆ మాట నాకు చాలాసేపు మింగుడుపడలేదు. జెనీవా అంటేనే ఐక్యరాజ్యసమితి కదా! రోజూ నా ట్రామ్ ఆగేది ఆ సంస్థ కార్యాలయమైన పాలే దె నాసియోఁ గేటు ముందే. గేటు లోపల రెండు వరుసల్లో సభ్యదేశాల జెండాలు. ఎదురుగా చౌకులో ఒక కాలు విరిగిన 12 మీటర్ల చెక్క కుర్చీ. మందుపాతరలకు కాళ్లు పోగొట్టుకున్నవాళ్లను మరిచిపోవద్దని, ప్రభుత్వాల చేత నిషేధ ఒప్పందం మీద సంతకం చేయించడానికి 1997లో నిలబెట్టారు. కొన్ని నెలలు ఉంచుదామని పెట్టిన కుర్చీని జనం పోనివ్వలేదు. లోపలి ఆరియానా తోటలో నెమళ్లు తిరుగుతాయి. ఆ స్థలాన్ని ఊరికి రాసిచ్చిన గుస్తావ్ రెవిలియో, నెమళ్లను ఎప్పటికీ స్వేచ్ఛగా తిరగనివ్వాలని షరతు పెట్టాడని చెబుతారు. వాటి కేక మొదటిసారి విన్నప్పుడు నా కాళ్లు ఆగిపోయాయి. మబ్బుపట్టిన సాయంత్రం నల్లమల అంచు పల్లెల్లో వినిపించే కేకే అది. ఇంత ఘనంగా ప్రపంచానికి చోటిచ్చిన దేశం 2002 దాకా ఆ సంస్థలో సభ్యదేశమే కాదు!

మన పెళ్లిళ్లలో విడిది ఇచ్చే ఇంటివాళ్లుంటారు. పెళ్లి వాళ్లది కాకపోయినా మగపెళ్లివారికి ఇల్లు ఖాళీచేసి ఇస్తారు. వేణ్ణీళ్లు కాచి పెడతారు, పరుపులు వేయిస్తారు, తెల్లవారకముందే కాఫీలు పంపుతారు. ఇరుపక్షాలవాళ్లూ వాళ్ల వసారాలోనే కూర్చుని పెట్టుపోతల తగువులు తేల్చుకుంటారు. ఆ ఇంటాయన మాత్రం నోరు విప్పడు. ఒకరివైపు మాట్లాడితే రెండోవాళ్లు రేపు తన గడప తొక్కరు. పంక్తిలో కూర్చోమని బతిమాలినా, ఎవరి పక్కన కూర్చుంటే ఎవరి మనిషి అంటారోనని పనుందని తప్పుకుంటాడు. స్విట్జర్లాండ్ తటస్థత నాకు అర్థమైంది ఇలాగే. అందులో పెద్దరికం ఉంది, నిజమే. అయితే అదే విడిదిలో, అదే వసారాలో, పదిమంది చూస్తుండగా ఒక పిల్లను కొడుతుంటే? అప్పుడు కూడా ఆ ఇంటాయన వేణ్ణీళ్లే కాస్తూ ఉండాలా?

ఈ ప్రశ్న నేను ఊహించి వేసింది కాదు. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత పుట్టిన నానాజాతి సమితికి జెనీవాయే కేంద్రం. అప్పుడు స్విట్జర్లాండ్ పంక్తిలో కూర్చుంది. సైన్యాన్ని పంపక్కర్లేదన్న మినహాయింపు ముందే తీసుకుని, 1920 మేలో జనాన్ని అడిగింది. జనమంటే మగవాళ్లే, ఇక్కడి ఆడవాళ్లకు దేశస్థాయిలో ఓటు వచ్చింది 1971లో. ఇలాంటి ఓటింగులో దేశం మొత్తం మీద మెజారిటీ వస్తే చాలదు, కాంటన్లలోనూ మెజారిటీ రావాలి. అర్ధ కాంటన్లకు అర ఓటు. ఆనాటి లెక్క పదకొండున్నరకు పదిన్నర. ఒక్క కాంటన్ అటు మొగ్గితే జెనీవాలో సమితి ఉండేది, స్విట్జర్లాండ్ మాత్రం దాని బయట ఉండేది.

1936 జూన్ 30న ఇథియోపియా చక్రవర్తి హైలీ సెలాసీ ఈ ఊళ్లోనే సమితి ముందు నిలబడి, ఇటలీ తన ప్రజల మీద విషవాయువు కురిపించిందని చెప్పుకున్నాడు. గ్యాలరీలోంచి ఇటలీ విలేకరులు ఈలలు వేసి గోల చేశారు. పెద్దదేశాలు చేతులెత్తేశాయి. స్విట్జర్లాండ్ ఆ ఏడాది చివర్లోనే ఇటలీ ఆక్రమణను గుర్తించింది. రెండేళ్లకు ఆంక్షల బాధ్యత నుంచి కూడా తప్పుకుని పూర్తి తటస్థతకు వెళ్లిపోయింది. తర్వాతి యుద్ధంలో నాజీల నుంచి పారిపోయి వచ్చిన యూదుల్లో వేలమందిని సరిహద్దులోనే వెనక్కి తిప్పారు. ఈ దేశమంటే నాకెంతో గౌరవం. అయినా ఆ పేజీలు చదివినప్పుడల్లా గుండె బరువెక్కుతుంది. సంస్థ చచ్చుబడితే పక్కన తటస్థంగా నిలబడ్డవాడికి కూడా ఆ పాపంలో పాలుంటుందని నా నమ్మకం.

అదే కాలంలో మన సంగతి చూడండి. స్వాతంత్ర్యం లేని భారతదేశం నానాజాతి సమితిలో మొదటినుంచీ సభ్యదేశం. 1945 జూన్ 26న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఐక్యరాజ్యసమితి ఛార్టర్ మీద భారతదేశం తరఫున సంతకం చేసినవారిలో ఆర్కాటు రామస్వామి ముదలియార్ ఒకరు. ఆయన పుట్టింది మా కర్నూలులో. ఐక్యరాజ్యసమితి ఆర్థిక సామాజిక మండలికి మొదటి అధ్యక్షుడు కూడా ఆయనే. ఆయన కవల సోదరుడు లక్ష్మణస్వామి ముదలియార్ ప్రపంచ ఆరోగ్య సంస్థలో పెద్ద బాధ్యతలు మోశారు. ఆ సంస్థ కార్యాలయం నేను ట్రామ్ దిగే చోటికి దగ్గర్లోనే. తుంగభద్ర ఒడ్డున పుట్టిన ఇద్దరన్నదమ్ముల పేర్లు ఈ లెమాన్ సరస్సు ఒడ్డున తలుచుకుంటుంటే, కొండారెడ్డి బురుజు పక్క సందుల్లో నడవాలని, వేడివేడి జొన్నరొట్టె తినాలని ప్రాణం కొట్టుకుంటుంది. తన జెండా లేని దేశం వెళ్లి సంతకం పెట్టింది. జెండా, స్వేచ్ఛ, కలిమి అన్నీ ఉన్న దేశం గడప అవతల నిలబడింది.

1986 మార్చిలో స్విస్ ప్రభుత్వం ఐక్యరాజ్యసమితిలో చేరదామా అని జనాన్ని అడిగింది. నలుగురిలో ముగ్గురు వద్దన్నారు. ఒక్క కాంటన్ కూడా ఒప్పుకోలేదు, చివరికి జెనీవా కూడా! ఇంకో దేశమైతే ఆ సంగతి తరతరాలు అటకెక్కేది. కానీ 1998లో మామూలు జనం కొందరు కమిటీగా ఏర్పడి సంతకాల కాగితాలు అచ్చువేయించారు. మా అవ్వ నిలబడింది అప్పుడే. సంతకాలు రావడం చాలా కష్టమైందట. వద్దని ఒకసారి చెప్పాం కదా అని మొహం మీదే అనేసి వెళ్లేవారట. అయినా 2000 మార్చిలో లక్షకు పైగా సంతకాలు అందజేశారు.

2002 మార్చి 3న ఓటింగు. తటస్థత గంగపాలవుతుందని క్రిస్టఫ్ బ్లోహర్ లాంటి నాయకులు గట్టిగా ప్రచారం చేశారు. ఓటింగుకు ముందు ఇంటింటికీ ప్రభుత్వం పంపే చిన్న పుస్తకంలో రెండు పక్షాల వాదనా ఉంటుంది. వద్దనేవాళ్ల మాటను కూడా ప్రభుత్వమే తన ఖర్చుతో అచ్చువేసి పంపడం నాకు ఇప్పటికీ అబ్బురమే. ఫలితం: నూటికి 54.6 మంది సరేనన్నారు. కాంటన్ల లెక్క 12కు 11. మళ్లీ ఒక్క కాంటన్ తేడా! ఆ సెప్టెంబరు 10న స్విట్జర్లాండ్ 190వ సభ్యదేశమైంది. ప్రజలను అడిగి, వాళ్ల ఓటుతో ఐక్యరాజ్యసమితిలోకి వెళ్లిన దేశం ఇది.

నన్ను కదిలించేది ఆ తర్వాతి కథ. లోపలికి వెళ్లిన స్విట్జర్లాండ్ మర్యాదగా కూర్చుని ఊరుకోలేదు. అప్పటి మానవ హక్కుల కమిషన్‌లో హక్కులు కాలరాసే ప్రభుత్వాలే ఒకరినొకరు కాపాడుకుంటున్నాయని లోకమంతా విసిగిపోయి ఉంది. దాని బదులు ఒక మండలి పెట్టాలన్న ప్రతిపాదనను బెర్న్ ఆచార్యుడు వాల్టర్ కేలిన్ చేత రాయించి ముందుకు తెచ్చింది స్విస్ ప్రభుత్వమే. 2006 మార్చి 15న ఆ తీర్మానం 170 ఓట్లతో నెగ్గింది. కొత్త మండలిలోనూ అన్యాయపు ప్రభుత్వాలు కూర్చుంటూనే ఉన్నాయి, అది బాధాకరం. కానీ ఎంత పెద్ద దేశమైనా నాలుగైదేళ్లకోసారి తన రికార్డు తీసుకుని ఆ సభలో జవాబు చెప్పుకోవాలి. అమెరికాకూ చైనాకూ మనకూ అదే నియమం.

భద్రతామండలిలో ఐదు శాశ్వత సభ్యదేశాలకున్న వీటో సంగతి ఇంకా కష్టం. కోస్టారికా, జోర్డాన్, లీక్టెన్‌స్టైన్, సింగపూర్‌లతో కలిసి స్విట్జర్లాండ్ ఒక చిన్న జట్టు కట్టింది. మారణహోమం జరుగుతున్నప్పుడు వీటో వాడకండి, వాడితే కారణం చెప్పండి అని 2012లో తీర్మానం తెచ్చారు. శాశ్వత సభ్యదేశాలు ఐదూ ఒప్పుకోలేదు. మూడింట రెండువంతుల మెజారిటీ కావాలన్న మెలిక పడింది, ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. మరుసటి ఏడే ఇంకొన్ని దేశాలను కూడగట్టుకుని మళ్లీ మొదలుపెట్టారు. 2015లో ఒక ప్రవర్తనా నియమావళి తయారైంది: సామూహిక హత్యాకాండను ఆపడానికి వచ్చే తీర్మానానికి అడ్డంగా ఓటు వేయబోమని మాటివ్వడం. వందకు పైగా దేశాలు మాటిచ్చాయి, ఐదుగురు పెద్దల్లో బ్రిటన్, ఫ్రాన్స్ కూడా ఉన్నాయి. 2022 ఏప్రిల్ 26న లీక్టెన్‌స్టైన్ తెచ్చిన తీర్మానం ఓటింగు లేకుండానే నెగ్గింది. జనాభాలో కర్నూలు నగరంలో పదోవంతు కూడా లేని దేశమది. ఆ తీర్మానం ప్రకారం ఎవరు వీటో వేసినా పది పనిదినాల్లోగా సర్వప్రతినిధి సభ కూర్చుని దాన్ని చర్చించాలి. వీటో పోలేదు. కానీ వేసి, చేతులు దులుపుకుని వెళ్లిపోయే రోజులు పోయాయి.

ఇదంతా రాస్తున్నా నా మనసు స్థిమితంగా లేదు. 2023, 2024 సంవత్సరాల్లో మొదటిసారి స్విట్జర్లాండ్ భద్రతామండలిలో కూర్చుంది. ఉక్రెయిన్ అప్పటికే రగులుతోంది, గాజా ఆ రెండేళ్లలోనే రగిలింది, మండలి వాటిని ఆపలేకపోయింది. 2023 చివర్లో డబ్బుల్లేక పాలే దె నాసియోఁ భవనాన్నే కొన్ని వారాలు మూసేశారు. చందాలు వేళకు కట్టని సభ్యదేశాల పుణ్యమది. శాంతి కోసం కట్టిన ఇల్లు ఖర్చులకు వెతుక్కోవడం, పక్కనే ఆయుధాల బడ్జెట్లు పెరిగిపోవడం చూస్తే కడుపు రగులుతుంది.

మన పత్రికల్లో ఐక్యరాజ్యసమితి సంస్కరణ అంటే భారతదేశానికి శాశ్వత స్థానం ఎప్పుడు అనే ఒక్క ప్రశ్నే. మనకది రావాల్సిందే, అందులో నాకు రెండోమాట లేదు. 1965లో భద్రతామండలి 11 స్థానాల నుంచి 15కు పెరిగింది, ఆ తర్వాత లోకం ఎంత మారినా అది మారలేదు. కానీ స్థానం ఒక్కటే అడిగి వీటో గురించి ఊరుకుంటే సరిపోదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో చిన్నదేశాలు వీటోను గట్టిగా ఎదిరించాయి. వీటో లేకపోతే ఛార్టరే లేదని పెద్దవాళ్లు తెగేసి చెప్పారు. అప్పుడు ఊరడింపుగా 109వ అధికరణం పెట్టారు: ఛార్టర్‌ను మొత్తంగా సమీక్షించడానికి ఒక సమావేశం. పదేళ్లలోపు అది జరగకపోతే పదో వార్షిక సమావేశపు ఎజెండాలోకి తేవాలని కూడా రాశారు. 1955లో ఎజెండాలోకి వచ్చింది. తగిన సమయంలో జరుపుదామన్నారు. ఆ తగిన సమయం ఇప్పటికీ రాలేదు.

ఆ సమావేశాన్ని పిలవాలని ఇప్పుడు పలు దేశాల్లో పౌరసంఘాలు ప్రచారం చేస్తున్నాయి. పిలవడానికి సర్వప్రతినిధి సభలో మూడింట రెండు వంతులు, అంటే 193లో 129 ఓట్లు కావాలి, భద్రతామండలిలో ఏవైనా తొమ్మిది ఓట్లు కావాలి. ఇక్కడ వీటో పనిచేయదు. అందులో తీసుకున్న నిర్ణయాలు అమలు కావాలంటే మాత్రం ఆ ఐదు దేశాలూ ఒప్పుకోవాల్సిందే. అయినా ఆ ఐదింటినీ లోకం ముందు కూర్చోబెట్టి జవాబు అడగడానికి ఛార్టర్‌లోనే ఉన్న దారి ఇది. ఈ వేసవికి కర్నూలు వచ్చినప్పుడు మా ఎంపీ గారికి ఒక అర్జీ ఇస్తాను. 109వ అధికరణం కింద సమావేశం పిలవాలన్న తీర్మానం వస్తే భారతదేశం అనుకూలంగా ఓటు వేస్తుందా అని పార్లమెంటులో ప్రశ్న వేయమని అడుగుతాను. అర్జీ కింద సంతకాలకు గళ్లు కొట్టి ఉంచాను. పేరు, ఊరు ఎవరిది వాళ్లే చేత్తో రాయాలి.