తేనెటీగలపై యాజమాన్యం: ఎగిరిపోయే సంపద చరిత్ర

ఆవును రాటకు కట్టవచ్చు. గొర్రెలను దొడ్డిలో తోలవచ్చు. తేనెటీగలకు కట్టూ లేదు, దొడ్డీ లేదు. పువ్వులు విరగబూసి, గూడు ఈగలతో నిండి పొంగిపొరలే రోజుల్లోనే, సగం లేదా అంతకు మించిన ఈగలు ఒక్కసారిగా లేచి కొత్త నివాసం వెతుక్కుంటూ పోతాయి. పెంచినవాడికి మిగిలేది చిక్కిన గూడు, తగ్గిన తేనె. ఇటువంటి ప్రాణిని ఒకరి ఆస్తి అనవచ్చునా? అమ్మవచ్చునా? ఇస్లామీయ ధర్మశాస్త్రవేత్తలు (ఫుఖహా) ఈ ప్రశ్నను తేలికగా తీసుకోలేదు.

దివ్య ఖుర్ఆన్‌లోని 16వ సూరాకు తేనెటీగ (అన్-నహ్ల్) పేరే ఉన్నది. దాని 68వ ఆయతు తేనెటీగల నివాసాలుగా కొండలను, చెట్లను పేర్కొంటూ, వాటితోపాటు మనుషులు నిర్మించే వాటిని కూడా ప్రస్తావించింది. అంటే అడవి ఈగ, పెంపుడు ఈగ రెండూ అక్కడ ఉన్నాయి. ఫిఖ్హ్‌లో చర్చ లేచినది ఈ రెంటి మధ్య సరిహద్దు దగ్గరే.

ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై, మరణం హి. 150/క్రీ.శ. 767), ఆయన శిష్యుడు ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మలై) తేనెటీగల విక్రయం చెల్లదన్నారు. అవి కందిరీగల వంటి పురుగులనీ, మనకు ఉపయోగపడేది వాటినుండి వచ్చే తేనేగాని ఆ ఈగలు కావనీ వారి వాదన. అయితే తేనె ఉన్న గూటిని ఈగలతో సహా అమ్మితే, తేనెకు అనుబంధంగా ఈగల విక్రయం కూడా చెల్లుతుంది. మరొక శిష్యుడు ఇమామ్ ముహమ్మద్ (రహ్మలై, మరణం హి. 189/క్రీ.శ. 805) దీనితో ఏకీభవించలేదు. ఈగలు యజమాని భద్రతలో, అంటే ‘ముహ్రజ్’గా ఉంటే అమ్మవచ్చునన్నారు. ఇమామ్ షాఫియీ (రహ్మలై) అభిప్రాయమూ ఇదే. మర్గీనానీ (మరణం హి. 593/క్రీ.శ. 1197) ‘హిదాయా’లో ఉభయ వాదాలనూ పొందుపరిచారు. తర్వాతి హనఫీ పండితులు ఇమామ్ ముహమ్మద్ మాటమీదనే ఫత్వా ఇచ్చారు. 17వ శతాబ్దపు దమస్కస్ పండితుడు హస్కఫీ ఈ విషయాన్ని స్పష్టంగా వ్రాశారు.

పాఠకులు గమనించవలసినది ఆ ‘భద్రత’ అనే షరతునే. గుంపు లేచిపోయిన క్షణాన ఆ భద్రత తెగిపోతుంది. కనుక గుంపు పోకుండా ఆపడం తేనె కోసం చేసే పని మాత్రమే కాదు; యాజమాన్యాన్ని నిలుపుకొనే పని కూడా.

మరి ఆపడం ఎలా? క్రీ.శ. మొదటి శతాబ్దపు రోమన్ రచయిత కొలుమెల్లా, గుంపును నడిపించే ‘రాజు’ రెక్కలు కత్తిరించమన్నాడు. ఆ పెద్ద ఈగ మగదన్న నమ్మకం గ్రీకుల కాలంనుండి ఉన్నదే. అరబ్బులు కూడా దానిని ‘యఅసూబ్’ అని పురుషవాచకంతోనే పిలిచారు. ఖుర్ఆన్ తేనెటీగను స్త్రీలింగంలో సంబోధించిందనీ, కనుక ఆ రహస్యాన్ని ముందే చెప్పిందనీ కొందరు ఉత్సాహంతో అంటారు. కాని ‘నహ్ల్’ అనే సమూహవాచకాన్ని స్త్రీలింగంగా వాడడం అరబీ వ్యాకరణంలో మామూలే. ఖుర్ఆన్ గౌరవానికి బలహీనమైన వాదాల ఊతం అక్కరలేదు.

రెక్కలు కత్తిరించడం ఎందుకు చాలలేదో తర్వాతి పరిశోధన తేల్చింది. 17వ శతాబ్దంలో డచ్చి శాస్త్రవేత్త స్వామ్మెర్డామ్ ఆ ‘రాజు’ను కోసి చూసి అండాశయాలను కనుగొన్నాడు. చూపులేని స్విస్ పరిశోధకుడు హ్యూబర్, తన సేవకుడి కళ్ళతో చూసి, 1792లో రాణి ఈగ జీవితాన్ని వివరించాడు. మొదటి గుంపుతో పోయేది పాత రాణి. గూటిలో కొత్త రాణులు అప్పటికే పెరుగుతుంటాయి. రెక్కలు లేని రాణి నేలమీద పడితే గుంపు వెనుదిరుగుతుంది. కొన్ని రోజులకు కొత్త రాణి వెలువడగానే దానితో లేచిపోతుంది. బలవంతం ప్రయాణాన్ని వాయిదా వేసింది, అంతే.

1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రోత్, పైకి తీయగల చట్రాల పెట్టెను రూపొందించాక అసలు మార్గం తెరుచుకున్నది. గూడు చెడగొట్టకుండా లోపల చూడడం సాధ్యమైంది. గుడ్డు పెట్టిన 16వ రోజుకు రాణి వెలువడుతుంది. 8, 9 రోజులకే దాని గదికి మూత పడుతుంది. అందుకే ఆ కాలంలో వారానికొకసారి చట్రాలు చూసి, రాణి గదులు కనబడితే తొలగిస్తారు. అది ఒక్కటే చాలదు. ఇరుకు కాకముందే పైన అర చేర్చాలి, ముసలి రాణిని మార్చాలి, అవసరమైతే పెంపకందారే గూటిని రెండుగా విడదీయాలి. 1892లో డెమరీ ప్రకటించిన పద్ధతిలో రాణిని కింది అరలో ఖాళీ చట్రాలమీద ఉంచి, పిల్లలున్న చట్రాలను జల్లెడకు పైన పెడతారు. ఇరుకు తీరుతుంది, ఈగలు గుంపుగా పోవాలన్న ఆరాటం తగ్గుతుంది.

ఇమామ్ ముహమ్మద్‌కు ఈ చట్రాలు తెలియవు. అయినా ఈగపై హక్కును ఆయన పట్టుకున్నవాడి చేతికి కాక, భద్రంగా ఉంచినవాడి శ్రద్ధకు ముడిపెట్టారు. రెక్కలు కత్తిరించినవాడికంటె చోటు ఇచ్చినవాడి దగ్గరనే ఈగలు నిలుస్తాయని పెంపకం అనుభవమూ చెబుతున్నది.