రేణిగుంట గూడ్సు యార్డు: రెండు గేజుల నడుమ శ్రమ

తిరుపతి రైల్వే చరిత్రను యాత్రికుల దృష్టితో రాయడం పరిపాటి. సరకు రవాణా దృష్టితో పరిశీలిస్తే కేంద్రస్థానం నగర శివారులోని రేణిగుంటకు మారుతుంది. మద్రాసు రైల్వే వారి బ్రాడ్‌గేజ్ (1,676 మి.మీ.), సౌత్ ఇండియన్ రైల్వే వారి మీటర్‌గేజ్ (1,000 మి.మీ.) మార్గాలు నాటి ఉత్తర ఆర్కాటు జిల్లాలోని ఈ జంక్షనులో కలిశాయి. కలిశాయనడం కూడా మాటవరసకే; ఒక గేజు వ్యాగను మరో గేజు పట్టాలపై నడవదు. మార్గం మారవలసిన ప్రతి బస్తానూ దించి, తిరిగి ఎత్తవలసిందే.

1870లో వైస్రాయి మేయో ప్రభుత్వం మీటర్‌గేజ్‌ను ఎంచుకోవడానికి ప్రధాన కారణం నిర్మాణవ్యయంలో పొదుపు. ఆ పొదుపులో కొంత భారం ఇటువంటి జంక్షన్లలోని హమాలీల భుజాలపై పడింది. రైల్వే చరిత్రలు గేజుల వివాదానికి ఇచ్చిన చోటు ఈ శ్రమకు ఇవ్వలేదు.

గేజు మార్పిడితో ఆ పని అంతరించింది. 2020 మార్చిలో, లాక్‌డౌన్ వేళ, రేణిగుంట నుండి ఢిల్లీకి ‘దూద్ దురంతో’ పాల రైళ్లు మొదలయ్యాయి. ఒక్కొక్కటి 40,000 లీటర్లు పట్టే ఆ ట్యాంకర్లు సుమారు 2,300 కి.మీ. దూరం, దారిలో ఎక్కడా సరకు దించకుండానే సాగిపోయాయి.