ఇంగ్లండు కన్సర్వేటివు పక్షము – ధాన్యపు చట్టముల కథ

మన పత్రికలు సనాతనవాదులనియు మితవాదులనియు పేర్కొను రాజకీయపక్షములవారు ఉన్నదానిని ఉన్నట్లు నిలుపువారని లోకులు తలంతురు. అది సగమే నిజము. దేనిని నిలుపవలెను, దేనిని విడువవలెను అను విషయమున వారిలో వారికే పెక్కుసారులు తగవు కలిగినది. ఇందులకు ఇంగ్లండు చరిత్ర మంచి నిదర్శనము.

ఈ వాదమునకు మూలపురుషుడని చెప్పబడు ఎడ్మండు బర్కు 1790లో ఫ్రెంచి విప్లవమును ఖండించుచు గ్రంథము వ్రాసెను. తరతరముల అనుభవముచే ఏర్పడిన వ్యవస్థను ఒక్కనాట కూల్చరాదని ఆయన మతము. అట్లని మార్పు కూడదని ఆయన అనలేదు. ఆయన విగ్గు పక్షమువాడు. కన్సర్వేటివు అను పేరు ఆ పక్షమునకు అప్పటికి రానేలేదు. తూర్పిండియా కంపెనీ అక్రమములకై వారన్ హేస్టింగ్సును పార్లమెంటు ఎదుట దోషిగా నిలిపినవారిలో ముఖ్యుడును ఈ బర్కే. మనవారు ఇది మరువరాదు.

ఇక ధాన్యపు సంగతి. నెపోలియను యుద్ధములు ముగిసిన 1815లో, భూస్వాములతో నిండిన పార్లమెంటు ఒక చట్టము చేసెను. క్వార్టరు, అనగా ఎనిమిది బుషెళ్ల గోధుమ, స్వదేశమున 80 షిల్లింగుల ధర పలుకువరకు విదేశపు గోధుమ అచ్చట అమ్ముడుపోరాదు. 1828లో నిషేధము తీసివేసి, ఇంటి ధర తగ్గినకొలది హెచ్చు సుంకము పెట్టిరి. భూస్వాములకు కౌలు నిలిచెను. పట్టణములలోని కూలివారికి రొట్టె ప్రియమయ్యెను. ధాన్యము అమ్ముకొనువానికి ధర కావలెను, కొని తినువానికి చౌక కావలెను. ఈ తగవు మన యూరికిని క్రొత్త కాదు గదా!

రాబర్టు పీలు 1834లో టామ్‌వర్తు ఓటర్లకు ప్రకటన చేసి, తన పక్షము ఎదిరించిన 1832 నాటి ఓటుహక్కు సంస్కరణమును ఇక త్రిప్పబోమని ఒప్పుకొనెను. 1841లో భూస్వాముల బలముతో ప్రధాని యయ్యెను. 1845లో ఐర్లండున బంగాళాదుంప పైరు తెగులుచే చెడెను. పీలు ధాన్యపు చట్టమును ఎత్తివేయ నిశ్చయించెను. భారత శాంతిపర్వమున ఆపద్ధర్మములను వేరుగా చెప్పుట ఊరకనా? 1846 మే 15న కామన్సు సభలో బిల్లు 327–229 ఓట్లతో నెగ్గెను. కాని స్వపక్షీయులలో 106 మందియే ఆయనవైపు నిలిచిరి, 222 మంది ఎదిరించిరి. జూను 25న ప్రభువుల సభ బిల్లును అంగీకరించిన రాత్రియే, మరొక విషయముపై కామన్సులో పీలును ఓడించిరి. ఆయన మరల అధికారమునకు రాలేదు. ఆ రద్దు ఐర్లండును కాపాడలేదు. ఆ కరవున సుమారు 10 లక్షలమంది మరణించిరి. అయినను పీలు చేసినది పిరికితనమని నేననను.

పీలును కఠినముగా దూషించిన డిజ్రేలీ, 1852లో తానే ఆర్థికమంత్రియై ఆ సుంకములను పునరుద్ధరించు మాట విడిచెను! 1867లో పట్టణపు పనివారలలో పెక్కండ్రకు ఓటిచ్చినది ఈయన పక్షమే. 1903లో జోసెఫు చేంబర్లేను సుంకముల వాదమును మరల లేపగా పక్షము చీలి, 1906 ఎన్నికలలో ఘోరముగా ఓడెను.

1979లో ప్రధాని యైన మార్గరెట్ థాచరు కాలమున ప్రభుత్వపు టెలిఫోనులు, గ్యాసు మొదలగు పరిశ్రమలను అమ్మిరి. 1815లో అంగడినుండి భూస్వామిని కాపాడిన వర్గపు వారసులు, ఇప్పుడు అంగడినే కాపాడువారైరి. 1973లో బ్రిటనును ఐరోపా ఆర్థికసమాజమున చేర్చినది ఆ పక్షపు ప్రభుత్వమే. 2020 జనవరి 31న ఐరోపా సమాఖ్యనుండి వెలికి తెచ్చినదియు ఆ పక్షపు ప్రభుత్వమే.