మారుతూ వచ్చిన పథ్యం – మధుమేహమూ, మన అన్నమూ

మన సంఘం కూటాల్లో భోజనాల వేళ ఒక వాదన తప్పకుండా చెవిన పడుతూ ఉంటుంది. షుగరు ఉన్నవాళ్ళు అన్నం ముట్టుకోనే కూడదని ఒకరంటారు. కాదు, ఆస్పత్రిలో ఇచ్చిన కాగితంలో ధాన్యాలు తినమనే రాసి ఉందని మరొకరంటారు. ఇద్దరూ చదువుకున్నవాళ్ళే. నేను వైద్యుణ్ణి కనక తీర్పు చెప్పమని అడుగుతారు. తీర్పుకన్నా ముందు ఆ వాదన వయసెంతో చెప్పడం మంచిదనిపించి ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. ఇది నిన్న మొన్నటి తగువు కాదు. రెండువందల ఏళ్ళ పైచిలుకు నడిచింది. ఏ కాలంలో వైద్యుడు రోగి దేనివల్ల చనిపోతాడని భయపడ్డాడో, ఆ కాలంలో అతని చేతిలో ఏ కొలత ఉందో, పథ్యం దాన్నిబట్టే మారుతూ వచ్చింది.

మన ఆయుర్వేద గ్రంథాలు ఈ జబ్బుని ప్రమేహాల్లో చేర్చాయి. మధుమేహమనే పేరు అక్కడిదే. చరక సంహిత ప్రమేహానికి కారణాలు చెబుతూ సుఖంగా కూర్చోవడం, సుఖంగా నిద్రపోవడం, పెరుగు, కొత్త ధాన్యం, బెల్లపు వంటకాలు అని వరస పెడుతుంది. పెరుగన్నం తిని పడక కుర్చీలో వాలే మనకిది కాస్త ఇబ్బందికరమైన జాబితాయే. చికిత్సలో మటుకు యవలకి, అంటే బార్లీకి, పెద్దపీట వేసింది. ధాన్యం మానమనలేదు, ధాన్యం మార్చమంది.

ఐరోపాలో 1776లో లివర్‌పూల్ వైద్యుడు మాథ్యూ డాబ్సన్ రోగి మూత్రాన్ని ఇగరబెట్టి, అడుగున మిగిలిన తెల్లటి పదార్థం చక్కెరేనని తేల్చాడు. అక్కడినుంచి మూత్రంలో చక్కెరే వైద్యుడికి కొలబద్ద అయింది. ఇరవయ్యేళ్ళ తరవాత బ్రిటిష్ ఫిరంగి దళపు వైద్యుడు జాన్ రోలో, శాకాహారంనుంచే పొట్టలో ఈ చక్కెర పుడుతోందని తర్కించి, కెప్టెన్ మెరెడిత్ అనే స్థూలకాయుడికి మాంసం మీద నడిచే పథ్యం పెట్టాడు. పాలు, సున్నపు తేట నీరు, కొద్దిగా రొట్టె వెన్నా, రక్తంతో చేసిన పుడ్డింగు, పాతబడి కంపు కొట్టే కొవ్వూ మాంసమూ. కెప్టెన్ బరువు తగ్గాడు, చక్కెరా తగ్గింది. 1797లో రోలో దీన్ని పుస్తకంగా వేశాడు. పిండి పదార్థాలు మానమనే పక్షానికి నేటికీ మూల పురుషుడు ఈయనే. ఆ కంపు కొట్టే కొవ్వు మటుకు శిష్యులెవరూ కొనసాగించినట్టు లేదు.

నాకు ఈ చరిత్రలో అందరికన్నా నచ్చిన మనిషి పారిస్‌లోని అపోలినేర్ బుషార్డా. 1870–71 శీతాకాలంలో ప్రష్యా సైన్యం పారిస్‌ని ముట్టడించి తిండి లోపలికి పోనివ్వలేదు. ఊరంతా ఆకలితో మాడుతుంటే, తన మధుమేహ రోగుల మూత్రంలో చక్కెర మాయం కావడం బుషార్డా గమనించాడు. పిండి పదార్థాలు తగ్గించాలని అతనూ నమ్మినవాడే. గోధుమలోని పిండి తీసేసి జిగురుతో చేసే రొట్టె అతని పుణ్యమే. అయినా ముట్టడి నేర్పింది ఇంకో పాఠం: ఏం తింటున్నాడన్నదే కాదు, మొత్తం మీద ఎంత తింటున్నాడన్నదీ లెక్కే. వీలైనంత తక్కువ తినండి, ఒళ్ళు వంచి పని చెయ్యండి అనేవాడు. ఈ మాటకి రుజువు దొరకడానికి దాదాపు నూట యాభై ఏళ్ళు పట్టింది.

తరవాతివాళ్ళు పథ్యాన్ని శిక్ష కింద మార్చేశారు. నేపుల్స్‌లో కాంటానీ రోగుల్ని గదిలో పెట్టి తాళం వేసేవాడు. జర్మనీలో నౌనిన్ కూడా అదే పద్ధతి. విసిగిపోయినవాళ్ళు అటునుంచి ఇటు దూకారు. 1900 ప్రాంతాల ఓట్సు వైద్యం, బంగాళాదుంప వైద్యం, ఆఖరికి బియ్యం వైద్యం కూడా వచ్చాయి! వోన్ నూర్డెన్ ఓట్సు జావతో మూత్రంలో చక్కెర తగ్గించి చూపించాడు. ఒకే రకం తిండి విసుగు పుట్టి రోగి తక్కువ తినేవాడేమోనని నాకు అనుమానం.

ఇక న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సంస్థలో ఫ్రెడరిక్ అలెన్ 1914 ప్రాంతంలో మొదలుపెట్టిన ఉపవాస చికిత్స గురించి కాస్త ఆగి చెప్పాలి. మూత్రంలో చక్కెర పోయేదాకా రోగిని పస్తు పెట్టడం, తరవాత గ్రాముల లెక్కన తిండి పెంచడం, చక్కెర మళ్ళీ కనబడితే మళ్ళీ పస్తు. కూరగాయల్ని మూడుసార్లు ఉడకబెట్టి, ఉడికిన నీళ్ళు పారబోసి పెట్టేవారు, అందులో ఉన్న కాస్త పిండీ పోవాలని. 1919లో పదకొండేళ్ళ ఎలిజబెత్ హ్యూస్ ఈ పథ్యంలోకి వచ్చింది. తరవాత అమెరికా విదేశాంగ మంత్రి అయిన చార్లెస్ ఎవాన్స్ హ్యూస్ కూతురు. మూడేళ్ళు ఎముకల గూడులా బతికి, 1922 ఆగస్టులో టొరంటో చేరేనాటికి ఆ పిల్ల బరువు 45 పౌన్లు. అప్పటికే ఆ ఏడు జనవరిలో అక్కడ లెనార్డ్ థామ్సన్ అనే పద్నాలుగేళ్ళ కుర్రాడికి ఇన్సులిన్ ఇచ్చి ఉన్నారు. బాంటింగ్ చేతి ఇన్సులిన్‌తో ఎలిజబెత్ లేచి తిరిగి, పెళ్ళి చేసుకుని, పిల్లల్ని కని, 1981 దాకా జీవించింది.

ఇన్సులిన్‌కి ముందు పిండి మాన్పించే వైద్యం చేశారు కదా, అదే సరైనదనే వాదన ఈ మధ్య తరచు వింటున్నాం. వయసు మళ్ళిన స్థూలకాయులకి అది పనిచేసిందన్నది నిజం. పిల్లలకి అది చావుని వాయిదా వెయ్యడమే అయింది. ఈ రెండూ వేరు వేరు జబ్బులని లండనులో హెరాల్డ్ హిమ్స్‌వర్త్ 1936లో స్పష్టంగా వేరుచేసి చెప్పేదాకా, ఇద్దరికీ ఒకే పథ్యం, ఒకే పేరు.

ఇన్సులిన్ వచ్చాక భయం మారింది. రోగులిప్పుడు స్పృహ తప్పి చనిపోవడం లేదు. ఇరవై ముప్ఫయ్యేళ్ళు బతికి గుండె జబ్బుతోనూ, కాలు కుళ్ళీ పోతున్నారు. బోస్టన్‌లో వేల కేసుల లెక్కలు కట్టిన ఎలియట్ జోస్లిన్ ఈ మార్పు చూసి, ఇన్నాళ్ళూ తినిపించిన కొవ్వు మీద అనుమానపడ్డాడు. కాలిఫోర్నియాలో శాన్సమ్ 1926లో పిండి పదార్థాలు ఎక్కువగా పెట్టే పథ్యాన్ని ప్రకటించాడు. మాంట్రియల్‌లో రాబినోవిచ్ అదే దారి పట్టాడు. పిండి బాగా తినేవాళ్ళలో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తుందని హిమ్స్‌వర్త్ ప్రయోగాలు చేశాడు. డర్హమ్‌లో డ్యూక్ యూనివర్సిటీలో వాల్టర్ కెంప్నర్ 1939నుంచి మూత్రపిండాల జబ్బుకీ రక్తపు పోటుకీ అన్నమూ పళ్ళూ చక్కెరా పెట్టి వైద్యం చేశాడు. అతని మధుమేహ రోగుల్లో కొందరికి ఇన్సులిన్ అవసరం తగ్గింది కూడా! ఉప్పూ కొవ్వూ లేని ఆ చప్పిడి కూడు ఎవరూ రెండోసారి వడ్డించుకోరు, బరువూ తగ్గుతారు. మన అన్నానికి సాక్ష్యంగా దాన్ని తెచ్చేవాళ్ళు ఆవకాయా నెయ్యీ పక్కన పెట్టి రావాలి.

1950లో అమెరికా మధుమేహ సంఘం తదితరులు కలిసి మార్పిడి పట్టీలు తయారుచేశారు. పాలు, కూరలు, పళ్ళు, రొట్టె, మాంసం, కొవ్వు, ఈ ఆరింటిలో ఒకదాని బదులు అదే పట్టీలో ఇంకోటి తినొచ్చు. లెక్క తేలిక, అందుకే నిలిచింది. 1979లో అదే సంఘం తిండిలో సగంనుంచి అరవై శాతం దాకా శక్తి పిండి పదార్థాలనుంచి రావచ్చునంది. 1986లో దాన్నే ఇంకా గట్టి చేసింది. గుండె జబ్బుల భయంతో కొవ్వు తగ్గించాలి, తగ్గించినచోట ఏదో నింపాలి, పిండి నింపారు. కెంటకీలో జేమ్స్ ఆండర్సన్ పీచు బాగా ఉన్న తిండితో మంచి ఫలితాలు చూపించిన మాట వాస్తవమే. అయితే అతను పెట్టినవి చిక్కుళ్ళూ ఓట్సు తవుడూ. జనం తిన్నవి తెల్ల రొట్టే, మన వాళ్ళు తిన్నది తెల్ల అన్నమూను. స్టాన్‌ఫర్డ్‌లో జెరాల్డ్ రీవెన్ బృందం 1987లో అరవై శాతం పిండితో రక్తంలో చక్కెరా, ట్రైగ్లిజరైడ్లూ పెరుగుతున్నాయని చూపించింది. ఆస్పత్రి కాగితాలు మారడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది.

మార్పు తెచ్చినవాడు రిచర్డ్ బెర్న్‌స్టీన్ అనే ఇంజనీరు. పన్నెండో ఏట, 1946లో, మధుమేహం వచ్చింది. 1969లో రక్తంలో చక్కెర కొలిచే యంత్రం వచ్చింది కాని, దాన్ని వైద్యులకే అమ్మేవారు. భార్య డాక్టరు కావడంతో ఆమె పేరున 650 డాలర్లు పోసి కొన్నాడు. రోజుకి ఎన్నోసార్లు వేలు గుచ్చుకుని, తన చక్కెర దేనికి ఎగురుతోందో తనే చూసుకుని, పిండి పదార్థాలు బాగా తగ్గించాడు. వైద్య పత్రికలు ఇంజనీరు మాట వేసుకోకపోతే, నలభై దాటాక వైద్యం చదివి 1983లో పట్టా పుచ్చుకున్నాడు! మూత్రం కొలబద్ద పోయి రక్తం కొలబద్ద వచ్చింది. అదీ రోగి చేతికి వచ్చింది. ఏ ముద్ద తింటే ఎంత పెరిగిందో ఇంట్లోనే కనబడితే ఇక కాగితం మాట ఎవరు వింటారు?

అమెరికా సంఘం 1994లో శాతాల పట్టు వదిలి ఎవరికి తగ్గట్టు వారికి అంది. 2019 నివేదికలో, చక్కెర అదుపుకి అన్నిటికన్నా ఎక్కువ సాక్ష్యం ఉన్నది పిండి పదార్థాలు తగ్గించడానికేనని ఒప్పుకుంది. అలా అని రోలో పక్షం పూర్తిగా గెలవలేదు. 2021లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ 23 ప్రయోగాల్ని కలిపి చూసింది. ఆర్నెల్లకి పిండి తగ్గించినవాళ్ళలో 57 శాతం మందికీ, తక్కినవాళ్ళలో 31 శాతం మందికీ జబ్బు తగ్గుముఖం పట్టింది. ఏడాదికి ఆ మేలు చాలావరకు కరిగిపోయింది. 2017లో వెలువడిన బ్రిటన్ ప్రయోగంలో రోజుకి సుమారు 850 కాలరీల ద్రవాహారం మూడునుంచి ఐదు నెలలు ఇచ్చారు. ఏడాదికి 46 శాతం మంది మందులు లేకుండా మామూలు స్థితికి వచ్చారు. ఆ ద్రవంలో శక్తి 59 శాతం పిండి పదార్థాలనుంచే! పారిస్ ముట్టడిలో బుషార్డా చూసింది ఇదే.

ఇంతవరకూ చెప్పిన ప్రయోగాల్లో ఎక్కువమంది రొట్టె తినేవాళ్ళు. మన సంగతి వేరే చూడాలి. 1860నుంచి మద్రాసు ఓడల్లో నాటాల్ చెరకు తోటలకి వెళ్ళిన కూలీల్లో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. ఒక శతాబ్దం తరవాత డర్బన్‌లో డాక్టర్ కాంప్‌బెల్ ఆ భారతీయ కుటుంబాల్లో మధుమేహం విపరీతంగా ఉండడం చూసి, క్లీవ్‌తో కలిసి 1966లో పుస్తకం రాశాడు. వారి లెక్కన దోషి కొవ్వు కాదు, శుద్ధి చేసిన చక్కెరా పిండీను. 1985లో లండనులోని సౌత్‌హాల్‌లో లెక్కపెడితే మన ఉపఖండం వాళ్ళలో తెల్లవారికన్నా ఇంచుమించు నాలుగు రెట్లు కనబడింది. 2004లో పుణే వైద్యుడు యాజ్ఞిక్, లండను వైద్యుడు యుడ్కిన్ పక్కపక్కన నిలబడి ఫొటో తీయించుకున్నారు. ఎత్తుకి తగ్గ బరువు ఇద్దరిదీ ఒకటే. ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కి 9 శాతం, యాజ్ఞిక్‌కి 21. మనం సన్నగా ఉన్నామని మురిసిపోవడానికి లేదు.

అన్నం చరిత్ర కూడా ఒకటే కాదు. వందేళ్ళ కిందట కూనూరులో మెక్‌కారిసన్ బెరిబెరి మీద పరిశోధిస్తున్నప్పుడు, ఆ జబ్బు పాతుకుపోయిన చోటు మన ఉత్తర సర్కారు జిల్లాలే. మర పట్టిన పచ్చి బియ్యం మనవాళ్ళ తిండి మరి. ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాలకి ఆ బాధ లేదు. ఆ కూనూరు ప్రయోగశాలే 1958లో హైదరాబాదుకి తరలి, తరవాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. మద్రాసులో డాక్టర్ ఎం. విశ్వనాథన్ తన రోగులకి పిండితోపాటు పీచు కూడా బాగా ఉన్న పథ్యం పెట్టి మంచి ఫలితాలు చూపించారు. మన వాళ్ళు అందులో మొదటి సగాన్నే పట్టుకున్నారు. భారత వైద్య పరిశోధన మండలి 2023లో దేశంలో మధుమేహులు పది కోట్లు దాటారని ప్రకటించింది. అదే సర్వేలో, తిండి శక్తిలో 62 శాతం పిండి పదార్థాలనుంచే వస్తోందని తేలింది. అమెరికా సంఘం 1986లో గీసిన గీత అరవై! మనం ఏ కాగితమూ చదవకుండానే దాన్ని దాటి కూర్చున్నాం.

కాబట్టి అన్నం పూర్తిగా మానాలా అంటే, అందరూ మానక్కరలేదనే నా అభిప్రాయం. అయితే ఉడికిన అన్నం ఒక కప్పులో సుమారు 45 గ్రాముల పిండి పదార్థం ఉంటుంది. పప్పుకి ఒక వాయి, పులుసుకి ఒక వాయి, పెరుగుకి ఒకటి వేసుకుంటే పూటకి నూరు గ్రాములు దాటడం కష్టం కాదు. రాత్రి అన్నం మానేసి చపాతీలు తింటున్నామని గొప్పగా చెబుతారు. గోధుమపిండిలో పిండి బియ్యంలోకన్నా కొంచెమే తక్కువ, నాలుగు చపాతీలు తింటే ఒరిగేదేమీ లేదు. పెరుగుకి వేసుకునే వాయి తగ్గించి, పప్పూ కూరా రెట్టింపు చేసి, రెండు గంటల తరవాత వేలు గుచ్చి చూడండి. శాకాహారులకి మాంసకృత్తులు ముఖ్యంగా వచ్చేది ఆ పప్పునుంచే కనక దానికి భయపడి లాభం లేదు.

ఒక్క సంగతి మటుకు గట్టిగా చెప్పాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళూ, గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు వేసుకునేవాళ్ళూ మందు తగ్గించకుండా అన్నం ఒక్కసారిగా మానేస్తే చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చు. పేరు చివర గ్లిఫ్లోజిన్ అని ఉన్న మాత్రలు వేసుకునేవాళ్ళు పిండి బాగా మానితే, చక్కెర ఎక్కువ లేకుండానే రక్తం ఆమ్లమయ్యే ప్రమాదం ఉంది. ఊరినుంచి వచ్చే అమ్మానాన్నల మాత్రలు ఒక్కొక్కసారి రెండు మందులు కలిపినవై ఉంటాయి, పైన ఉన్న పేరు చూసి ఇక్కడి డాక్టరు పోల్చుకోలేడు. అట్టమీది చిన్న అక్షరాల్లో ఉన్న మందుల పేర్లు చీటీ మీద రాసుకుని, పథ్యం మార్చేముందే తీసుకువెళ్ళండి.