ఇత్తడి పోతే ఇరుసు కాలేది

దగ్గరికి జరుగుండ్రి బిడ్డా, చలి మస్తుగ ఉంది. ఆ మొద్దును కొద్దిగ ఎగదొయ్యుండ్రి. పొలం కాడి ట్రాన్స్‌ఫార్మరును పడగొట్టి, నూనె పారబోసి, లోపలి రాగి చుట్లు ఎత్తుకపోయిండ్రని మీ నాయిన చెప్పంగనే నాకు రైల్వే నౌకరి దినాలు యాదికొచ్చినయ్. అప్పట్ల మా దిక్కు పోయేది రాగి కాదు, ఇత్తడి.

నేను ఖలాసిగ చేరినప్పుడు ఇంకా బొగ్గు ఇంజన్లే. సింగరేణి బొగ్గు బండ్లు రామగుండం దిక్కు నుంచి కాజీపేటకొచ్చి, అక్కడి నుంచి తలా ఒక తొవ్వ పడుతుండె. బండి ఆగంగనే బండ్లు తనిఖీ చేసే టి.ఎక్స్.ఆర్. సారు ముందట, మేము ఎనుక. సుత్తితోటి చక్రం మీద కొడితే ఖంగుమని మోగాలె. చప్పుడు మొద్దుగొచ్చిందంటే ఎక్కడనో పగులున్నట్టు. తర్వాత ఒక్కొక్క ఇరుసు పెట్టె మీద చెయ్యి పెట్టి ఏడి చూడాలె. పొద్దంత గదే పని.

ఆ కాలపు వ్యాగన్లకు ఇప్పటి తీరు రోలర్ బేరింగులు లేకుండె. ఇరుసు కొస మీద ఇత్తడి దిమ్మ ఒకటి కూసుంటుండె, లోపటి దిక్కు సీసం కలిపిన మెత్తటి పూత. టన్నుల కొద్ది బరువు దాని మీదనే. కింద నూనెల నానబెట్టిన పీచు కుక్కి పెడుతుంటిమి, తిరుగుతున్న ఇరుసుకు ఆ నూనె అంటుతుండాలె. దొంగలు రాత్రిపూట సైడింగుల నిలబడ్డ వ్యాగను కిందికి దూరి, జాకీ పెట్టి లేపి, ఇత్తడి గుంజుకుంటుండిరి. జాకీ లేనోడు పొయ్యి అంటువెట్టనీకి పనికొస్తదని ఆ నూనె పీచునే తీస్కపోతుండె. పీచు పోయినా ఇరుసుకు గండమే.

నూనె లేక ఇరుసు ఎండుతది. మొదలు మాడు వాసన, ఆ ఎనుక పొగ, ఆ ఎనుక రాత్రి చీకట్ల ఎర్రగ కనవడేది. హాట్ యాక్సిల్ అంటరు దాన్ని. సిగ్నల్ కేబిన్ మీదున్నోడో, ఎనుక గార్డో చూసి బండి ఆపిస్తే బతికినట్టు. ఎవ్వరి కంట్ల పడకపోతే ఇరుసు కొస తెగి వ్యాగను పట్టా దిగుతది, ఎనుకున్నయి దాని మీదికెక్కుతయ్. ఇత్తడి ముక్కే గదా అనుకునేటోల్లు అది ఎంత బరువు మోస్తుండెనో ఎరుకలేక అంటరు. అందుకే రైల్వే సామాను దొంగతనాల చట్టం అంత కఠినంగ ఎందుకున్నదో నాకు మంచిగ తెలుసు.

ఉత్త దొంగతనానికి ఐపీసీ 379 కింద మూడేండ్ల దాక జైలుండె. రైల్వే సామానుకు 1955ల ఒక చట్టం తెచ్చిండ్రు, అది సాలలేదని 1966ల ఇంకోటి. దీని కింద మొదటిసారి దొరికితేనే ఐదేండ్ల దాక వెయ్యొచ్చు. గట్టి కారణం రాసి పెడితే తప్ప ఏడాదికి తక్కువ, వెయ్యి రూపాయల జుర్మానాకు తక్కువ వెయ్యరాదు. రెండోసారైతే, అట్లనే గట్టి కారణం రాస్తే తప్ప, రెండేండ్లకు తక్కువ లేదు. అసలు మెలిక ఇంకో తాన ఉంది. నీ దగ్గర అనుమానపు రైల్వే సామాను దొరికిందనుకో, ఎవరు ఎత్తుకొచ్చిండ్రని సర్కారు చూపెట్టే పని లేదు. అది నీకు న్యాయంగ వచ్చిందని నువ్వే చూపెట్టాలె. విచారణ చేసేది ఆర్‌పీఎఫ్, అంటే రైల్వే రక్షణ దళం. ఠాణాల పోలీసుల ముంగట ఒప్పుకున్న మాట కోర్టుల చెల్లదు గాని, ఆర్‌పీఎఫ్ సారు ముంగట ఇచ్చిన వాంగ్మూలం చెల్లుతదని సుప్రీంకోర్టు 1980ల చెప్పింది, వాల్లు పోలీసుల లెక్కకు రారని. సదువు రానోనికి ఈ తేడా ఎవరు చెప్పాలె?

ఊరవతల గుడిసెలల్ల ఒక పిలగాడుండె. పట్టాల పొంటి రాలిన బొగ్గు ఏరుకునేటోడు. ఒకనాడు గోనెసంచిల బ్రేకు బ్లాకులతోటి దొరికిండు. ఎక్కడియని అడిగితే, ‘దొరికినయ్’ అన్నడు. ఆ ఒక్క మాటతోటే ఏడాది పడ్డది. వాని పెండ్లాం సంకల పిల్లనెత్తుకోని కోర్టు కాడ చెట్టు కింద కూసుంటుండె. వాడు తప్పు చెయ్యలేదని నేననను. కని ఆ సంచి ఏ దుకాణానికి పోతున్నదో బస్తీలంత ఎరుకే. అక్కడ కాంటా మీద పెట్టి, కిలోకింతని ఇచ్చి, రాత్రికి రాత్రే కరగపోస్తుండిరి. ఇనుమైనా, ఇత్తడైనా, కరిగినంక రైల్వే ముద్ర ఎక్కడ మిగుల్తది? తన జాగల జరుగుతున్నదని తెలిసీ కండ్లు మూసుకున్నోనికి గూడ ఐదేండ్ల దాక వెయ్యొచ్చని అదే 1966 చట్టం నాలుగో సెక్షనుల ఉంది. దొంగసొమ్ము కొనుడే ధంధగ పెట్టుకున్నోనికైతే ఐపీసీ 413 కింద యావజ్జీవం దాక ఉండె. ఆ దుకాణపు సేటు కాంటా మాత్రం ఒక్కనాడు ఆగలేదు. నాకు ఇప్పటికీ కడుపు మండేది గక్కడనే.

మరి దొంగతనాలు ఎట్ల తగ్గినయంటవా? రోలర్ బేరింగుల వ్యాగన్లొచ్చినయ్, జాకీ పెట్టి గుంజుకపోనీకి అండ్ల ఇత్తడి దిమ్మ లేకుండ పోయింది. పోత ఇనుప బ్రేకు బ్లాకుల జాగల కాంపోజిషన్ బ్లాకులొచ్చినయ్. అండ్ల పోత ఇనుము లేదాయె, పాత సామాన్లోడు చేత్తో గూడ ముట్టడు. కొనేటోడు లేనిది ఎవడు మోస్తడు?

ఇప్పుడు మన రాగి సంగతి. 2024 జులైల ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఐదువేలకు లోపు సొమ్ము, మొదటిసారి దొంగతనం, సొమ్ము మల్ల అప్పజెప్తే జైలుకు బదులు సమాజ సేవ చేయించాలని అండ్ల రాసిండ్రు. ఆ పిలగాని అసొంటోల్లకు మంచిదే. కని రైల్వే సామానుకు దాని చట్టం దానికే ఉంది, కరెంటు సామానుకు గూడ అంతే. 2003 విద్యుత్ చట్టం 136 కింద మూడేండ్ల దాక జైలు, లేకుంటే జుర్మానా, లేకుంటే రెండూ. రెండోసారైతే ఆరు నెలలకు తక్కువ లేదు, ఐదేండ్ల దాక పోవచ్చు, పదివేలకు తగ్గని జుర్మానా. తెంపుకపోయినోడే కాదు, తన జాగల దాచి పెట్టుకున్నోడు గూడ దానికిందికే వస్తడు.

మీ నాయినకు చెప్పుండ్రి, పొద్దుగాల లైన్‌మాన్‌ను తోల్కపోయి ఠాణాల దరఖాస్తు ఇయ్యుమనుండ్రి. దొంగను పట్టుకోవాలని రాసి ఊకోవద్దు. చుట్టుపక్కల పాత సామాన్ల దుకాణాలు తనిఖీ చెయ్యాలని, రాగి కొన్నోని మీద గూడ 136 పెట్టాలని రాయాలె. దినాలు గడిస్తే అది గూడ కరిగిపోతది.