నారాయణఖేడ్ ఏ డేటాబేసులో ఉంది?

హైబర్నేట్ నేర్చుకుంటున్న కుర్రాడొకడు మొన్న అడిగాడు, "కనెక్షన్ వివరాలు కోడ్‌లోనే రాసేస్తే పోయేదేముంది సార్?" అని. జవాబుగా నారాయణఖేడ్ చరిత్ర ఎత్తుకున్నాను.

1956 అక్టోబరు దాకా నారాయణఖేడ్ తాలూకా హైదరాబాద్ రాష్ట్రంలో, బీదర్ జిల్లాలో ఉండేది. నవంబరు 1న బీదర్ పట్నమేమో మైసూరుకి పోయింది, ఈ తాలూకా ఆంధ్రప్రదేశ్‌కొచ్చి మెదక్ జిల్లాలో కలిసింది. 2014 జూన్ 2న రాష్ట్రం తెలంగాణ అయింది. 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయినప్పుడు మళ్ళీ మారి సంగారెడ్డి జిల్లా అయింది. ఊరు మాత్రం ఉన్నచోటే ఉంది.

ఇక మన గోల. 1997లో జేడీబీసీ వచ్చిన కొత్తలో డ్రైవర్ పేరు, యూఆర్‌ఎల్, పాస్‌వర్డ్ అన్నీ జావా ఫైల్లోనే కొట్టేసేవాళ్ళు. సర్వర్ మారిందా, మళ్ళీ కంపైలు! 2001లో గావిన్ కింగ్ హైబర్నేట్ మొదలుపెట్టాక అవన్నీ ప్రాపర్టీస్ ఫైల్లోకో, ఎక్స్ఎమ్ఎల్ లోకో వెళ్ళాయి. సెషన్ ఫ్యాక్టరీ మొదట్లో ఒక్కసారి చదువుకుంటుంది, తర్వాత కనెక్షన్ ఎవరు తెరిచారో ఎవరు మూశారో కోడ్ రాసేవాడికి పట్టదు. (దాంతోపాటు వచ్చే సొంత పూల్ పరీక్షలకే అని మాన్యువల్ మొత్తుకున్నా ప్రొడక్షన్లో పెట్టేసిన మహానుభావులున్నారు.) 2006లో జేపీఏ వచ్చింది గానీ, యూఆర్‌ఎల్ రాసే ప్రాపర్టీకి అందరూ ఒకే పేరు వాడడానికి 2009లో జేపీఏ 2.0 దాకా ఆగాల్సొచ్చింది.

అడ్రసు కోడ్ బయటికొచ్చింది, బాగానే ఉంది. కానీ కాన్ఫిగ్ ఫైలుకి నిన్నటి సంగతి తెలీదు. ఇవాళ్టి విలువ రాయగానే పాతది పోతుంది. భూమి కాగితాలు అలాంటివి కావే! తెలంగాణలో పట్టా తగాదా వస్తే ఇప్పటికీ 1954-55 ఖాస్రా పహాణీ తియ్యమంటారు. అది రాసేనాటికి నారాయణఖేడ్ బీదర్ జిల్లా. 

మేమూ ఒక ప్రాజెక్టులో జిల్లాకో డేటాబేసు పెట్టి, జిల్లా పేరే యూఆర్‌ఎల్లో ఇరికించాం. 2016లో ఒక్క లైను మార్చి చేతులు దులుపుకున్నాం. కొన్నాళ్ళకి ఒక పెద్దాయన మెదక్ జిల్లా అని ఉన్న పాత రసీదు పట్టుకొస్తే, రికార్డు లేదు పొమ్మంది మా స్క్రీను. ఆయన ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, రేపు రమ్మంటారా అనడిగాడు.

జిల్లాని కనెక్షన్లోంచి పీకి టేబుల్లో పెట్టాం. ఎప్పట్నుంచి, ఎప్పటిదాకా అని రెండు తేదీల కాలమ్‌లు. నారాయణఖేడ్‌కి మూడు వరుసలొచ్చాయి. ఆ తర్వాతే ఆయన రసీదు దొరికింది.