ముంబైలో ఎండాకాలం ఆదివారాలు

ఎండాకాలం రజాల్లో ముంబైకి పోయే మనవాళ్ళు చాలామందే. చూడాల్సిన చోట్ల లిస్టు అందరి దగ్గరా దాదాపు ఒకటే: గిర్గావ్ చౌపాటీలో భేల్, బర్ఫ్ గోలా, గేట్‌వే దగ్గర పడవెక్కి ఘారాపురి గుహలు, బైకులాలో రాణీబాగ్. వీటన్నిటికీ ముందు ఒక ఆదివారం చేతిలో ఉండాలి కదా! ముంబై మిల్లుల్లో పనిచేసేవాళ్ళకి ఆ ఆదివారం 1890 దాకా లేదు. దాని వెనక మన తెలుగువాళ్ళు కూడా కొంచెం ఉన్నారు, అందుకే ఇది రాస్తున్నా.

ముంబై ఒకప్పుడు ఏడు దీవులు. 1780ల్లో గవర్నర్ హార్న్‌బీ కట్టించిన కట్టతో వర్లీ వైపు నుంచి సముద్రం నీళ్ళు లోపలికి రావడం ఆగింది. తేలిన పల్లపు నేల మీద మెల్లగా పేటలు లేచినాయి. వాటిలో కామాఠీపురా ఒకటి. నిజాం రాజ్యం నుంచి వచ్చిన తెలుగు కూలీలు, మేస్త్రీలు అక్కడ దిగినారు. మట్టి తవ్వి మోసేవాణ్ణి కామాటి అంటారు, పేటకి ఆ పేరే. ఇప్పుడు ఆ పేరు చెబితే జనం ఇంకేదో తలచుకుని నవ్వుతారు. ఊరు కట్టినవాళ్ళ పేరు అది, నవ్వాల్సిందేమీ లేదు.

తర్వాత బట్టల మిల్లులు వచ్చినాయి. అప్పుడు కరెంటు దీపాలు లేవు, పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా పని. అంటే ఎండాకాలం పొద్దు ఎంత పొడుగైతే పని అంత పొడుగు! మనకి ఎండాకాలం అంటే రజాలు, వాళ్ళకి ఏడాదిలో అన్నిటికంటే కష్టమైన కాలం. 1881 ఫ్యాక్టరీ చట్టం చిన్న పిల్లలకి మాత్రం నెలకి నాలుగు రజాలు ఇచ్చింది, పెద్దవాళ్ళకి ఏమీ లేదు. ఎప్పుడైనా మిల్లు ఆపినా, మిషన్లు తుడవడానికి సగం పూట రమ్మనేవాళ్ళు.

ఇక్కడ నారాయణ్ మేఘాజీ లోఖండే వస్తాడు. మిల్లులో స్టోర్‌కీపర్‌గా పనిచేసినవాడు, జ్యోతిరావు ఫూలే సత్యశోధక సమాజం మనిషి, ‘దీనబంధు’ పత్రిక నడిపినాడు. 1884లో దాదాపు 5,500 మంది కార్మికుల సంతకాలతో అర్జీ పెట్టించినాడు. అడిగినవి చూడండి: ఆదివారం పూర్తి రజా, మధ్యాహ్నం అరగంట విరామం, పొద్దున ఆరున్నర నుంచి పొద్దు గూకేదాకా మాత్రమే పని, జీతం పదిహేనో తేదీ లోపల. ఎంత చిన్న కోరికలు! అయినా ఆరేళ్ళు పట్టింది. 1890 ఏప్రిల్ 24న, మంచి ఎండల్లో, మహాలక్ష్మి రేస్‌కోర్సు దగ్గర దాదాపు పదివేల మంది చేరినారు. ఇద్దరు ఆడ కార్మికులు కూడా మాట్లాడినారు. జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారం రజాకి ఒప్పుకున్నారు.

ఆదివారమే ఎందుకంటే, అది ఖండోబా వారం అని కూడా చెప్తారు. ఖండోబా అంటే మనకి కొత్తవాడా? తెలంగాణలో మల్లన్న, మా కన్నడ సీమలో మైలారలింగ. కొమురవెల్లి జాతరకి ఆదివారాలే ముఖ్యం కదా. దొరల చర్చి రోజు అని మనం అనుకునే ఆదివారం, ఆ పనివాళ్ళకి తమ దేవుడి రోజు. నాకు ఈ సంగతి భలే నచ్చింది.

మనవాళ్ళ పాత్ర ఏమంటే: ముంబైలో సత్యశోధక సమాజానికి అండగా నిలిచినవాళ్ళలో రామయ్య వెంకయ్య అయ్యవారు, జయా కరాడీ లింగు లాంటి తెలుగు కాంట్రాక్టర్లు ఉన్నారు. ఇళ్ళు కట్టి సంపాదించిన డబ్బు, ఫూలే మాట ముంబైలో వినపడడానికి కూడా ఖర్చయింది. మరాఠీ పుస్తకాల్లో వీళ్ళ పేర్లు కనిపిస్తాయి. మన తెలుగు సంఘాల సావనీర్లలో నేనైతే చూడలేదు.

ఆదివారం చేతికొచ్చినాక ఎక్కడికి పోవాలి? 1862లో తెరిచిన రాణీబాగ్ మిల్లు పేటల పక్కనే ఉంది. మా నాయన వాళ్ళ పెద్దనాయన వర్లీలో ఒకే గది చాల్‌లో ఉండేవాడు, మిల్లులో మగ్గం పని. ఎండాకాలం రాత్రులు గదిలో పడుకోలేక మగవాళ్ళు చాపలు తీసుకుని బయటికి పోయేవాళ్ళంట. ఆదివారం పిల్లల్ని వెంటబెట్టుకుని రాణీబాగ్. ఏనుగుని చూసి, చెట్టు కింద ఇంటి నుంచి తెచ్చిన చపాతీ, మామిడికాయ పచ్చడి తిని, సాయంత్రం నడిచి వచ్చేవాళ్ళంట. ఖర్చు దాదాపు సున్నా. ఇప్పుడు అదే తోటలో 2017 నుంచి పెంగ్విన్లు కూడా ఉన్నాయి, ఏసీ గదిలో!

1982 జనవరిలో మొదలైన సమ్మె తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడినాయి. లోయర్ పరేల్‌లో ఫీనిక్స్ మిల్లు ఆవరణ ఇప్పుడు పెద్ద మాల్, పాత పొగగొట్టం ఇంకా నిలబడే ఉంది. శని, ఆదివారాల్లో జనం తోసుకుంటారు. నాకు టెస్టింగ్ పనిలో రిలీజ్ ఉంటే ఆదివారం పోతుంది, బదులు ఇంకో రోజు అడుక్కుంటాను. ఆ మాల్ అంగళ్ళలో బిల్లు కొట్టే పిల్లలదీ అంతే. ఊరంతా షికారుకి వచ్చే ఆదివారమే వాళ్ళకి ఎక్కువ పని. వాళ్ళ రజా ఏ మంగళవారమో, బుధవారమో. బుధవారం రాణీబాగ్‌కి సెలవు.